మలుపులో చప్పుడు

చెరకు రైతు పరదేశి వేలంలో కొన్న మిలిటరీ జీపు తిన్నగా పోతే నోరెత్తదు, మలుపు తిప్పితే మాత్రం టకటకమంటుంది. అమ్మేసే ముందు ఒకసారి చూపిద్దామని, భార్యను వెనక ఎక్కించుకుని అనకాపల్లిలో ఇసాక్ షెడ్డుకి తెచ్చేడు.

మెకానిక్ ఇసాక్ ముందు చక్రాలు ఊడదీసి జాయింట్లన్నీ తడిమేడు. ఎక్కడా లోపం లేదు. ఒక్కడే నడిపి చూసేడు. చప్పుడూ లేదు!

"నన్ను సూసి బెదిరింది మామా. నువ్వు తిప్పు," అంటూ పక్కన కూర్చున్నాడు. పరదేశి భార్య వెనక ఎక్కింది.

మొదటి మలుపులోనే టకటకా మోగింది. ఇసాక్ గిరుక్కున వెనక్కి తిరిగేడు. ఆవిడ మొగుడి వైపు చేతులు తిప్పి, కణతలకి ఆనించి మెటికలు విరుస్తోంది.

"ఏటమ్మా అది?"

"దిష్టి తీత్తన్నాను బాబూ. ఈయన బండి తిప్పినప్పుడల్లా నా పసుపు కుంకాలు దక్కుతన్నాయి గదా!"