సాక్ష్యం

చైనా యుద్ధం ముగిసి ఏడాదైనా ఎమర్జెన్సీ ఎత్తెయ్యలేదు. మా రేవులో వంతెన కోసం దించిన సిమెంటు బస్తాలు ఆరుబయటే ఉన్నాయి. 'దేశ పునర్నిర్మాణ సొత్తు, ముట్టుకుంటే జైలు' అని పక్కనే బోర్డు పెట్టారు.

గాలి తిరగడం చూసి జాలరి పోలయ్య తన పడవ తెరచాప తెచ్చి బస్తాల మీద కప్పసాగాడు.

"సర్కారు సొత్తు మీద చెయ్యేస్తావట్రా?" అని ఇంజనీరు అరిచాడు.

"వానొస్తా ఉండాది సామీ. తడిస్తే రాయైపోతాది. జైలు సంగతి తర్వాత, ముందా కొస పట్టుకో!"

పోలీసులొచ్చి పోలయ్యను పట్టుకుపోయారు. సాక్ష్యమని తెరచాపనూ లాగేసుకున్నారు. ఆ మధ్యాహ్నమే వాన దంచింది.

ఇంజనీరుకు ప్రమోషనిచ్చారు, సిగ్గులేని వెధవలు. వంతెన రాలేదు. రాళ్లయిన బస్తాల మీద పోలయ్య పెళ్లాం ఇప్పుడు చేపలు ఎండబెడుతోంది.

అవి కొన్న చేపలు. తెరచాప ఈనాటికీ తిరిగివ్వలేదు.