గీత దాటిన ఆయిలు

“దారిలో ఇంజను పట్టేస్తే పిల్ల గతేం కాను?” అంది తల్లి, కూతురు కారెక్కకముందే.

“నీ నోట మంచిమాటే రాదా అమ్మా?” అంటూ కూతురు డీజిలు కారు స్టార్టు చేసింది. వెనక గొట్టంలోంచి నీలిపొగ గుప్పుమంది.

అల్లుడు బండి ఆపించి, కాసేపాగి, ఆయిలు కొలిచే కడ్డీ బయటికి లాగాడు. ఆయిలు పైగీత దాటి రెండు వేళ్లెక్కి ఉంది.

“నిన్న మార్చినప్పుడు గీత దాకే పోశానే!”

“టీలో పంచదార పోసే చెయ్యేగా అది!” కూతురు విరుచుకుపడింది. “ఎక్కువైనా ఇంజను పోతుందని తెలీదూ? ఈ బండి తిరిగితేనే మనకి తిండి!”

అతను తనే పొరబడ్డానేమోనని కడ్డీ తుడిచి మళ్లీ ముంచాడు.

తల్లికి నేల చీలితే బాగుండుననిపించింది. డబ్బాలో మిగిలిన ఆయిలంతా పొద్దున్నే ఇంజనులో ఒంపేసింది తనే.

“మీరు కాకపోతే ఇంకెవరు పోశారు?” కూతురు మొగుణ్ణి నిలదీసింది.

కడ్డీ చివరి నుంచి ఆయిలు బొట్లుబొట్లుగా కారుతోంది. తల్లే నోరు విప్పింది.

“అతన్నేమీ అనకే. నేనే పోశాను. భయమేసి పోశానంటే నమ్ముతారు గానీ... మీరు కక్కుర్తిపడి ఆయిలు మిగుల్చుకున్నారనుకున్నాను బాబూ.”