వెనక్కి నడిచి కొండెక్కిన బొంగరమ్మ

పోయినేడు వాగు పొంగి పేడపురుగు బొంగరమ్మ గుడ్లన్నీ కొట్టుకుపోయాయి. ఈసారి మబ్బులు కమ్మగానే ఆమె పేడ ఉండ చుట్టుకుంది. వాన దిగేలోగా కొండ కొసకు చేర్చి, అక్కడే గుంతలో పూడ్చి, అందులో గుడ్లు పెట్టాలని బయల్దేరింది. వాళ్ల జాతి పనితీరే అంత, తల కిందికి పెట్టి, వెనక కాళ్లతో ఉండను తోస్తూ వెనక్కి నడుస్తారు.

"వెనక్కి నడిచి కొండెక్కుతావటే, పిచ్చిదానా?" అని తొండ మామ ఇకిలిస్తూ తనూ బయల్దేరాడు. అడుగుకోసారి శిఖరం చూసి, "అమ్మో, ఇంకా అంతుందే!" అంటూ సగంలోనే బండమీద చతికిలబడ్డాడు. ఇలాంటివాళ్లకు కాళ్లు అలుస్తాయి గానీ నోరు అలవదు!

బొంగరమ్మకు కనిపించేది కిందే. వాగు తాడంత అయింది, తర్వాత దారమంత. "ఓయబ్బో, ఇంత ఎక్కానా!" అని పొంగిపోయి ఇంకా గట్టిగా తన్నింది. ఉండ రెండుసార్లు జారింది. రెండుసార్లూ తిట్టుకుంటూ దిగి తెచ్చుకుంది.

ఉన్నట్టుండి కాళ్లకు బరువు తగల్లేదు. తిరిగి చూస్తే ఉండ చదునునేల మీద తనంతట తానే దొర్లుతోంది!

"ఇంకెంతుందే పైకి?" అని కిందనుంచి తొండ అరిచాడు.

"నేనెప్పుడు చూశాను మామా? కొండ అయిపోయిందని నా కాళ్లే చెప్పాయి!"

తొలి చినుకు పడేసరికి ఆమె గంతులేస్తూనే గుంత తవ్వుతోంది.