తాళాల పాఠం

చక్రాల కుర్చీలోంచి తాళాలు కింద పడేసి, "తే!" అన్నాను మా కుక్కతో.

వంటింట్లోంచి అత్తగారు ఉరికొచ్చి తీసిచ్చారు. "నేను చచ్చాననుకున్నావా, నోరులేని జీవానికి పని చెప్తున్నావు?"

"వచ్చే నెల నుంచి ఆఫీసుకు నేనూ అదీ మాత్రమే వెళ్ళాలి అత్తయ్యా. నేర్చుకోవాల్సింది అది, మీరు కాదు."

"నేర్చుకోనీ, ఎవరొద్దన్నారు?" అంటూ మళ్ళీ పడేసిన తాళాలు కూడా అందుకున్నారు. రోజూ ఇదే తంతు. కుక్క బుద్ధిగా కూర్చుని చూస్తుండేది.

ఇవాళ ఆవిడ మేడ మీదికి వెళ్ళగానే తాళాలు పడేశాను. "తే!"

కుక్క ఒక్క ఉదుటున లేచింది. తాళాలు దాటుకుని మేడ మెట్లెక్కేసింది.

కాసేపటికి అత్తగారిని కొంగు పట్టి లాక్కొచ్చి, తాళాల ముందు నిలబెట్టింది.

"ఎంత చక్కగా నేర్చుకుందో చూశావా!" వంగుతూ మురిసిపోయారు అత్తగారు.

వచ్చే నెల ఆఫీసుకు ముగ్గురం వెళ్తున్నాం.