లాంగ్ బెల్

మొదటిరోజు కుర్చీలు సర్దడం కూడా పూర్తికాలేదు, ఆయన వచ్చేశాడు.

"ఇవాళ ఎన్నింటికి అయిపోతుందమ్మా?"

లైబ్రేరియన్‌కి ఒళ్ళు మండింది.

వేసవి సెలవుల్లో పిల్లలకి కాస్త కాలక్షేపంగా ఉంటుందని, లైబ్రరీ వెనకున్న ఖాళీ స్థలంలో పది సాయంత్రాలు ఆటపాటలు పెట్టించాలని, రెండు నెలలుగా కాళ్ళరిగేలా తిరిగిందావిడ. వంద కుర్చీలు అడిగితే అరవై వచ్చాయి. మేజిక్ చేసేవాడు ఫోనెత్తడం లేదు. ఎవరి పిల్ల ముందు వరసలో డాన్సు చేయాలని తల్లులు అప్పుడే మాటా మాటా అనుకుంటున్నారు. లైబ్రరీ కరెంటేమో రెండు ట్యూబులైట్లకి మించి మొయ్యదు. "పక్క సందులో ఒకాయన ఇస్తానన్నాడు మేడం, లైన్ లాగేస్తా" అని ఎలక్ట్రీషియన్ అంటే, ఆ ఒక్క బాధ్యతైనా తప్పిందనుకుని వదిలేసింది.

ఇన్నిటి మధ్య ఈయన.

"ఇంకా మొదలే కాలేదండీ."

"అదే, సుమారుగా..."

"ఎనిమిదవుతుంది. కూర్చోండి."

ఆయన కూర్చోలేదు. తలూపి, వచ్చినదారినే గబగబా వెళ్ళిపోయాడు.

రెండోరోజు మేజిక్ మధ్యలో వచ్చాడు. టోపీలోంచి ఎగిరి రావలసిన పావురం ఎంత కదిపినా రానంటోంది. జనం ఈలలు వేస్తున్నారు. ఆవిడ స్టేజీ పక్కన తల పట్టుకుని నిలబడి ఉంది.

"ఇంకా ఎంతసేపు పడుతుందమ్మా?"

"మీకు తొందరుంటే వెళ్ళండి. ఎవరూ పట్టుకోలేదు."

"నాకేం తొందర. ఊరికే అడిగా."

ఊరికే అడిగేవాడు మూడోరోజూ అడిగాడు. నాలుగోరోజూ అడిగాడు. ఒక్కరోజు కుర్చీలో కూర్చున్న పాపాన పోలేదు, ఒక్క పాటకి చప్పట్లు కొట్టలేదు. రావడం, అడగడం, పోవడం.

కుర్చీలు మోసే కాలేజీ పిల్లలు ఆయనకి, బడి వదిలేటప్పుడు కొట్టే గంటలా, 'లాంగ్ బెల్' అని పేరు పెట్టేశారు. గేటు దగ్గర తల కనిపిస్తే చాలు, "మేడం, లాంగ్ బెల్" అని నవ్వేవాళ్ళు. ఆవిడకి మాత్రం నవ్వు వచ్చేది కాదు. ఇంత కష్టపడి చేస్తుంటే మెచ్చుకోకపోతే పోయె, ఎప్పుడు ఆపుతారని రోజూ వచ్చి అడుగుతాడేం ఈ మనిషి?

ఏడోరోజు పాటల పోటీ సాగి సాగి ఎనిమిదిన్నర దాటింది. ఆయన ఆ సాయంత్రం రెండోసారి వచ్చాడు. చొక్కా చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయింది. ఎడంచేత్తో కుడిభుజం నొక్కుకుంటున్నాడు.

"ఇంకా ఎంతమంది పాడాలమ్మా?"

ఆవిడ ఓపిక ఆ రోజుకి అయిపోయింది.

"ఎనిమిది మంది. అందరూ పాడతారు. మీకు గోల పడకపోతే తలుపులు వేసుకోండి."

"అయ్యో, గోలేంటమ్మా. పాటలు చక్కగా వినబడుతున్నాయి."

ఎత్తిపొడిచాడనే అనుకుంది.

పదోరోజు చివర మైకు పట్టుకుని కుర్చీలవాళ్ళకీ, మైకువాళ్ళకీ, తల్లులకీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పింది. కిందికి దిగబోతుంటే గేటు పక్కన ఆయన కనిపించాడు. పదిరోజుల కడుపుమంట గొంతులోకి వచ్చింది.

"ఇంకొక పెద్దాయన ఉన్నారు. ఈ కార్యక్రమం ఎప్పుడు అయిపోతుందా అని మనందరికన్నా శ్రద్ధగా రోజూ కనుక్కున్నారు. అయిపోయిందండీ. ఇక హాయిగా నిద్రపోండి."

జనం తిరిగి చూసి గొల్లుమన్నారు. ఆయన కూడా చిన్నగా నవ్వాడు. ఎవరికో ఏదో చెప్పాలన్నట్టు గబగబా వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఎలక్ట్రీషియన్ వైరు చుడుతుంటే ఆవిడకి గుర్తొచ్చింది.

"కరెంటు ఇచ్చినాయనకి కృతజ్ఞతలు చెప్పడం మర్చేపోయాను. పద, ఇంటికే వెళ్ళి చెబుదాం."

సందులో మూడో ఇల్లు. తలుపుకి తాళం వేసి ఉంది. పక్కింటావిడ గోడ మీద దుప్పటి ఆరేస్తోంది.

"వాళ్ళా? తెల్లారగానే కారొచ్చింది. కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఇక ఇటు రారట."

"అయ్యో. ఇంతకీ ఎవరాయన?" అని ఎలక్ట్రీషియన్ని అడిగింది లైబ్రేరియన్.

అతను వైరు చుట్ట ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నిన్న మీరు మైకులో అన్నారే మేడం, ఆయనే. తన పేరు ఎవరికీ చెప్పొద్దన్నాడు, అందుకే నోరెత్తలేదు."

ఆవిడ మాటలో సిగ్గుకన్నా ఉక్రోషమే ఎక్కువ ఉంది.

"ఇష్టం లేనివాడు కరెంటు ఇవ్వడమెందుకు? ఇచ్చినవాడు ఎప్పుడు ఆపుతారని రోజూ నా ప్రాణం తియ్యడమెందుకు?"

"ఇష్టం లేకపోవడమేంటమ్మా," పక్కింటావిడ దుప్పటి వదిలేసి ఇటు తిరిగింది. "వాళ్ళావిడ మంచం పట్టి మూడేళ్ళయింది. పిల్లల పాటలు వింటానంటే కిటికీ తెరిచి పెట్టేవాడు. అవి అయ్యేదాకా ఉందామని కూతురు రమ్మన్నా ఇన్నాళ్ళూ ఆగారు."

"మరి నన్నెందుకు అడగడం?"

"అది పాత మీటరు. మీ లైట్లూ మైకూ వేస్తే ఇంట్లో ఫ్యాను తిరిగేది కాదు. ఈ ఉక్కలో పది సాయంత్రాలూ, మీ లైట్లు ఆరేదాకా, ఆయనే పక్కన కూర్చుని ఆవిడకి విసనకర్రతో విసిరాడు."