మధ్యాహ్నం మాత్ర

"మూడు పూటలే ఉంచండమ్మా. ఒక్క పూటకి మార్చొద్దు," అన్నాడు బస్సు డ్రైవరు.

రాస్తున్న డాక్టరమ్మ కలం ఆపి తలెత్తింది. వీపు మీద సర్పి పొక్కులు ఎప్పుడో మానిపోయినా, ఆ చోట నరం నొప్పి మాత్రం ఈ మనిషిని వదల్లేదు. మాత్రలతో నొప్పి కాస్త లొంగింది కానీ, పగలంతా మత్తు. అందుకే బస్సు దిగి ఇంట్లో కూర్చున్నాడు.

"నేను చెప్పింది అర్థమైందా? ఇది వేరే రకం మాత్ర. రాత్రి అన్నం తిన్నాక ఒక్కటి వేసుకుంటే, మర్నాటి రాత్రిదాకా కొద్దికొద్దిగా పనిచేస్తూనే ఉంటుంది. పగలు మత్తుండదు. మళ్ళీ స్టీరింగు పట్టుకోవచ్చు."

"అర్థమైందమ్మా."

"మీ ఉద్యోగం ఇంకెన్నాళ్ళు అట్టేపెడతారట?"

"నెలాఖరు దాకా చూస్తామన్నారు."

"మరి?"

డ్రైవరు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. చివరి గుండీ ఒక పట్టాన కాజాలో దూరలేదు.

ఆమె కలం బల్ల మీద పెట్టేసింది. గొంతు మారింది.

"చూడండి, కొందరు ఈ మాత్రలకి అలవాటు పడతారు. నొప్పి తగ్గినా మత్తు కోసం మింగుతారు. నా దగ్గర దాచకండి. చెప్పినదానికంటే ఎక్కువ వేసుకుంటున్నారా?"

"అయ్యో, అంత మాటనకండి! అసలవి నా చేతిలో ఉంటే కదా. మా ఆవిడే ఇస్తుంది. వేళ తప్పనివ్వదు. మధ్యాహ్నం మాత్రకి ముందు వంటింట్లో గ్లాసు చప్పుడవుతుంది. ఆ చప్పుడు కోసం నేను ముందుగదిలో చెవులు రిక్కించుకుని కూర్చుంటాను."

"అదృష్టవంతులే. ఇంకేమిటి మీ బాధ?"

తలుపవతల కాంపౌండరు ఎవరినో కసురుతున్నాడు. "తోసుకోకండయ్యా, లోపలేమన్నా సినిమా ఆడుతోందా!"

ఆ గోల సద్దుమణిగేదాకా డ్రైవరు ఆగాడు.

"మా అమ్మాయి పోయింది కదమ్మా."

"తెలుసు," అందామె మెల్లగా.

"అప్పట్నుంచీ మా ఇంట్లో మాటల్లేవు. పోట్లాటేం లేదు. ఏం మాట్లాడబోయినా ముందు అమ్మాయి పేరే నోటికొస్తుంది. అది మింగేసి ఊరుకుంటాం, ఇద్దరమూ. మా ఆవిడ వడ్డించి అవతలికి వెళ్ళిపోతుంది. నేను తిని లేస్తాను. మాత్ర వేళకి మటుకు గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. 'మాత్ర వేసుకోండి' అంటుంది. పూటకి ఆ ఒక్క మాట. మీరేమో పొద్దుటి మాటా, మధ్యాహ్నం మాటా కొట్టేస్తున్నారు."

డాక్టరమ్మ చల్లబడ్డ టీ కప్పుని పక్కకి జరిపింది.

"దానికి మీరేమంటారు?"

"నేనా? చెయ్యి చాపుతాను. అనడానికి నాకేముంది?"

"ఉద్యోగం పోయినా ఫర్వాలేదా?"

"బస్సు నిండా జనమే కానీ నాతో ఎవరు మాట్లాడతారమ్మా? డ్రైవరుతో మాట్లాడరాదని నెత్తిమీద బోర్డే ఉంటుంది," అని తనే నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది. "రాయండమ్మా. మూడు పూటలనే రాయండి. దణ్ణం పెడతాను."

ఆమె కలం తీసుకుంది. రాయకుండానే మళ్ళీ పెట్టేసింది.

"ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదు. అయినా చెబుతున్నాను. నిన్న సాయంత్రం మీ ఆవిడ వచ్చారు."

డ్రైవరు గభాలున ముందుకి వంగాడు. "తనకేమైంది? నాతో ఒక్క ముక్క అనలేదే!"

"కంగారుపడకండి. అన్ని పరీక్షలూ చేశాను. ఆవిడకి ఏ జబ్బూ లేదు."

"మరెందుకొచ్చింది?"

"తనకీ మూడు పూటలా ఏవో ఒక మాత్రలు రాయమన్నారు. వేళకి మీరే పిలిచి ఇవ్వాలని చీటీలో గట్టిగా రాయమన్నారు."