తిరిగిరాని వీరుల కోట

కొండమీది కోటలో మనుషులను బానిసలుగా మార్చే మాంత్రికుడు ఉన్నాడనీ, వాణ్ణి వధించడానికి వెళ్ళిన ఏ వీరుడూ తిరిగిరాలేదనీ ఊరంతా ఘంటాపథంగా చెప్పేది. చూసివచ్చిన సాక్షి ఒక్కడూ లేకపోవడమే అందుకు తిరుగులేని రుజువుగా చలామణీ అయింది.

కమ్మరి కూతురు కత్తి పిడితో ఆ కోట తలుపు దబదబా బాదింది. కిందటేడు ఇదే పనిమీద వెళ్ళిన కొడుకు కోసం ఆమె తల్లి మంచం పట్టింది. అన్నను వెంటబెట్టుకోకుండా కొండ దిగనని ఆ పిల్ల ఒట్టు పెట్టుకుని బయలుదేరింది.

తెల్లగడ్డం ముసలాయన తలుపు తీశాడు.

“మాంత్రికుడివి నువ్వేనా?”

“కాదమ్మా. నేనూ వాణ్ణి చంపడానికే వచ్చాను.”

“ఎప్పుడు?”

“అప్పటికి నాకింకా మీసం రాలేదు. ముందు చెప్పులు విప్పు, ఇప్పుడే తుడిచాం.”

లోపల ఒక వీరుడు మహాఖడ్గంతో గుమ్మడికాయ కోస్తున్నాడు. ఇంకొకడు డాలు బోర్లించి దానిమీద బట్టలు ఉతుకుతున్నాడు. వాళ్ళ వెనక, అంట్ల గుట్ట ముందు, అన్న!

ఇంట్లో మంచినీళ్ళు కూడా ముంచుకు తాగనివాడు గిన్నెలు తోముతున్నాడంటే, అది సామాన్యమైన మంత్రం కాదు.

“అన్నయ్యా! నేనెవరో గుర్తుందా?”

“ఎందుకు లేదే? నా వాటా కూడా మింగే దొంగమొహానివి.”

“హమ్మయ్య, మతి పోలేదు. పద, పారిపోదాం.”

“నేను రాలేనే.”

“వాడు కట్టేశాడా?”

“లేదు.”

“శాపం పెట్టాడా?”

“లేదే తల్లీ!”

“మరేం రోగం?”

అతను తడిచేతులతో మొహం కప్పుకున్నాడు. “మేళతాళాలతో పంపారు. నాన్న అందరి ముందూ మీసం మెలేశాడు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని దిగను?”

“ఓడిపోయావని ఎవరూ అనరులే.”

“ఓడిపోయినా బావుండేదే!”

“నీ పరువు నువ్వే ఊరేసుకో. అక్కడ అమ్మ ముద్ద ముట్టడం లేదు.”

అతను ముందున్న గిన్నెను పక్కకు నెట్టాడు. లేచి చేతులు కడుక్కున్నాడు.

ముసలాయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. “ఒరే అబ్బాయ్, నువ్వు నోరు విప్పితే మా అందరి బతుకూ బజారున పడుతుందిరా!”

“క్షమించు తాతా. మా అమ్మ తరవాతే ఎవరైనా.”

దారి పొడుగునా చెల్లెలు అడుగుతూనే ఉంది. “అసలేం జరిగిందిరా?”

“అందరి ముందూ ఒక్కసారే చెప్తాను. రెండోసారి చెప్పే ధైర్యం లేదు.”

ఊరు ఊరంతా కొండ మొదట్లోకి ఎదురొచ్చింది. కమ్మరి జనాన్ని తోసుకుంటూ వచ్చి కొడుకును కావలించుకున్నాడు.

“వచ్చావురా నా సింహం! ఏదీ, వాడి తల?”

అతను చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుని, కళ్ళు మూసుకుని, గొంతు సవరించుకున్నాడు.

“ఆ కోటలో మాంత్రికుడే లేడు నాన్నా.”